కారుకు కాళ్లు సాగదీసే విద్య

స్పీడ్ బ్రేకరు ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లోనే నిర్దేశించినప్పటికీ, కాలనీకొక గుట్ట మొలిచే హైదరాబాదులో రోడ్డును దించడం ఎవరి తరమూ కాదు గనుక, కారునే పైకి లేపే గృహవైద్యం పుట్టుకొచ్చింది. స్పేసర్లు, అనగా స్ప్రింగుకూ దాని పీఠానికీ మధ్య దూర్చే దిమ్మలు, బిగించగానే కారు లేస్తుంది. కిర్రుమనే చప్పుడూ లేస్తుంది. వెంటనే యజమాని, స్ప్రింగు ఊగిసలాటను అణచే షాక్ అబ్జార్బరును అనుమానించి, బాగున్నదాన్ని పీకి కొత్తది కొంటాడు. నిజానికి కారు జాకీపై వేలాడుతుండగానే చక్రాన్ని కారు చట్రానికి కలిపే కంట్రోల్ ఆర్మ్ బోల్టులు బిగించడం వల్ల, ఆ కీళ్లలోని రబ్బరు బుష్‌లు చక్రాలు నేలను తాకగానే మెలిపడి మొరాయించే అవకాశమే ఎక్కువ. బోల్టులను వదులు చేసి, బరువు చక్రాలపై పడ్డాక తిరిగి బిగించడమే దీనికి మందు. పైసా ఖర్చు లేనిది కాబట్టే కాబోలు, ఎవరికీ గురి కుదరదు. ఎత్తు మారితే చక్రాల కోణమూ మారి టైర్లు ఒకే అంచున అరుగుతాయి, హెడ్‌లైట్లు ఎదుటివారి కళ్లలోకి కొడతాయి. కాబట్టి దిమ్మలు కొనే మహాశయులు వీల్ అలైన్‌మెంటు డబ్బులు కూడా పక్కన పెట్టుకోవాలి.