హోటల్‌కి వెళ్తున్నారా? కంచం మరిచిపోకండి

భోజనానికి బయటికి వెళ్లేవాళ్లు పర్సు, ఫోను చూసుకుని బయల్దేరతారు. వాటికంటే ముందు సంచిలో పడాల్సింది కంచం. బ్రిటన్‌లో రాతిపలక మీద మాంసం, టోపీలో బ్రెడ్డు, బొమ్మ ట్రాలీలో చిప్స్, చివరికి పార మీద పొద్దుటి ఫలహారం కూడా బల్ల మీదికొచ్చాయి. భరించలేక 2015లో రాస్ మెక్‌గినెస్ అనే ఆయన 'వి వాంట్ ప్లేట్స్' పేరుతో ఉద్యమం మొదలుపెట్టాడు. జనం ఫొటోలు పంపారు, లోకం నవ్వుకుంది, పలకలు మాత్రం పోలేదు. వాళ్లు కంచం పెట్టేదాకా ఆగడం అనవసరం. మనదే పట్టుకెళ్దాం.

స్టీలు కంచమే ఉండాలి, అంచు ఎత్తుగా ఉండాలి. పింగాణీ వద్దు, సంచిలో పగులుతుంది. ఇంటిపేరుతో సహా పేరు చెక్కించిన కంచమైతే ఇంకా మంచిది. వెయిటర్ పొరపాటున లోపలికి పట్టుకుపోయినా అడిగి తెచ్చుకోవచ్చు. చట్నీని పరీక్షనాళికలో నిలబెట్టి తెచ్చే చోటికైతే సన్నటి పొడుగాటి చెంచా కూడా పెట్టుకోండి.

మెనూ తెరవకముందే, "ఏమండీ, ఎందులో పెట్టి తెస్తారు?" అని అడగండి. రుచి సంగతి తర్వాత. చెక్క అన్నారంటే ఎలా కడుగుతారో చూపించమనండి. చెక్క గాట్లలో మాంసం రసం దిగితే తుడిచినంత మాత్రాన పోదు. సరిగ్గా శుభ్రం చేయడానికి వీల్లేని చెక్కపళ్లాల్లో వడ్డించిన బర్మింగ్‌హామ్ రెస్టారెంట్ ఒకదానికి 2018లో 50,000 పౌండ్ల జరిమానా పడింది. కాబట్టి వంటింట్లోకి వెళ్లి చూస్తానంటే అది అతి కాదు, జాగ్రత్త.

రాగి గ్లాసులో నిమ్మరసం తెస్తే ఫోను లైటు వేసి లోపలికి చూడండి. తెల్లగా ఉంటే తాగండి, ఎర్రగా ఉంటే మీ స్టీలు గ్లాసులోకి వంచుకోండి. పులుపు రాగిని కరిగిస్తుంది. అమెరికాలో అయోవా రాష్ట్ర అధికారులు 2017లో ఈ హెచ్చరికే చేశారు. మన అమ్మమ్మలు ఇత్తడి గిన్నెలకు కళాయి పెట్టించిందీ ఇందుకే. మీ ఊళ్లో కళాయి వేసే మనిషి ఇంకా ఉంటే ఆయన ఫోన్ నంబరు మేనేజరుకి రాసివ్వండి.

కంచం ఇంట్లో మరిచిపోయిన రోజున రాతిపలక ఎదురైతే బంగాళాదుంప ముద్దతో మడికి గట్టు వేసినట్టు చుట్టూ వేయండి. మీ వైపు గట్టు ఎత్తుగా ఉండాలి. గ్రేవీ అవతలికి పోతే పోనివ్వండి, ఆ బల్ల వాళ్లది, మీ చొక్కా మీది.

మరి మన అరటాకుకి మాత్రం అంచుందా అని అడుగుతారు. అన్నంలో గుంట చేసి పప్పుచారు పోసుకోవడం తెలిసిన చేతికి అంచుతో పనిలేదు. పైగా ఒకరు తిన్న ఆకు ఇంకొకరి ముందుకు రాదు. అరకు బొంగు చికెన్‌నీ నేను తప్పుపట్టను. వండిందే బొంగులో గనక అందులోనే తేవడం న్యాయం.

అమెరికన్ షెఫ్ డేవిడ్ బర్క్ బేకన్ ముక్కల్ని బట్టల క్లిప్పులతో తీగకు వేలాడదీసి ఇస్తాడు. ముక్క తీసి కంచంలో వేసుకుని, ఆ క్లిప్పుతో రుమాలును కాలరుకు తగిలించుకోండి. షికాగోలోని అలీనియాలో బల్ల మీద సిలికాన్ షీటు పరిచి దానిమీదే డెజర్ట్ వడ్డించేవారు. అలాంటి చోటికి వెళ్లే మనవాళ్లు వడ్డన మొదలవకముందే షీటు మీద అరటాకు వేసేయాలి. అక్కడి ఇండియన్ స్టోర్లలో ఫ్రీజర్‌లో పెట్టినవి దొరుకుతాయి, ముందురోజే తెచ్చుకోండి.

నలుగురు వెళ్తే ఐదు కంచాలు తీసుకెళ్లండి, పక్క బల్ల వాళ్లకి కావాల్సి రావచ్చు. బిల్లు కట్టేటప్పుడు మేనేజరుకి మీ కంచం చూపించి, "ఇలాంటివి కొనండి బాబూ" అని చెప్పండి. ఆయన కొనేదాకా వెళ్లిన ప్రతిసారీ చెప్పండి.