రమ్మన్నదీ మనమే, రిమాండు చేసిందీ మనమే

1977లో వాయేజర్ నౌకల్లో బంగారు పూత రికార్డులు పెట్టి అంతరిక్షంలోకి వదిలారు. వాటిలో 55 భాషల్లో పలకరింపులున్నాయి, తెలుగుతో సహా. అంటే గ్రహాంతరవాసులను పలకరించిన పెద్దల్లో మనమూ ఉన్నాం. తీరా ఆ అతిథి గుమ్మంలోకొస్తే ఏం చేయాలో హాలీవుడ్ ఏనాడో తేల్చేసింది: పట్టుకుని లోపలేయండి!

1984 నాటి 'స్టార్‌మ్యాన్' చూడండి. ఆ రికార్డు దొరికి, పిలిచారు కదా అని పాపం ఒకాయన బయల్దేరాడు. దిగకముందే ఆయన వాహనాన్ని కూల్చేశారు. మనిషిని కోసి చూడటానికి పట్టీలతో సహా బల్ల సిద్ధం చేశారు. శుభలేఖ పంపి, వచ్చిన చుట్టాన్ని పోలీసులకు పట్టించినట్టుంది!

1951లో వచ్చిన 'ది డే ది ఎర్త్ స్టుడ్ స్టిల్'లో క్లాటూ అనే గ్రహాంతరవాసి కానుక పట్టుకుని దిగాడు. కంగారుపడ్డ సైనికుడొకడు కాల్చాడు. తర్వాత ఆస్పత్రి గదిలో పెట్టి తాళం వేశారు. 25 కోట్ల మైళ్ళు దాటొచ్చినవాడికి తలుపు దాటడం ఒక లెక్కా? ఎవరిదో సూటు తొడుక్కుని బయటపడి, ఊళ్ళో గది అద్దెకు తీసుకున్నాడు. ఇల్లుగలావిడకు లేని భయం సైన్యానికి ఉంది మరి!

ఇదంతా ముందుజాగ్రత్త, రోగాలొస్తాయని భయం అంటారు సమర్థించేవాళ్ళు. సరే, 1969లో చంద్రుడి మీంచి వచ్చిన అపోలో 11 వ్యోమగాములనూ 21 రోజులు విడిగా ఉంచారు. గడువు తీరగానే ఊరేగించారు. మనవాడికైతే క్వారంటైన్, పైవాడికైతే కోత బల్ల! ఎఫ్ఐఆర్ లేదు, వకీలు లేడు, బెయిలు ఊసే లేదు.

ఉన్నమాట చెప్పిన సినిమా 'డిస్ట్రిక్ట్ 9' (2009). జొహానెస్‌బర్గ్‌లో దిగిన గ్రహాంతరవాసులను మురికివాడలో కుక్కి, కంచె వేసి, ఖాళీ చేయండంటూ ఇంటింటికీ తిరిగి సంతకాలు అడుగుతారు. ఇందులో కల్పన ఎంత? కేప్‌టౌన్‌లోని డిస్ట్రిక్ట్ సిక్స్‌ను 1966లో తెల్లవాళ్ళ ప్రాంతంగా ప్రకటించి, ఆ తర్వాత 60 వేల మందిని గెంటేశారు. వాళ్ళెవరూ వేరే గ్రహం నుంచి రాలేదు.

కథకులకు ఒకటే మనవి. ఈసారి గ్రహాంతరవాసిని బంధించేటప్పుడు, అతను చేసిన నేరమేమిటో ఒక్క వాక్యం రాయండి. అది రాయలేకపోతే, బోనులో నిలబడాల్సింది ఎవరో పాఠకులే తేలుస్తారు.