లీటరుకి ఎంత?

విజయవాడ ఆటోనగర్‌లో ఏదో ఒక షెడ్డు ముందు నిలబడి, "టూ స్ట్రోక్ బండికి లీటరు పెట్రోలుకి ఆయిల్ ఎంత కలపాలండీ?" అని కాస్త గట్టిగా అడిగి చూడండి. అడిగింది ఒకణ్ణే అయినా జవాబు నలుగురు చెబుతారు. లేత్ మిషను మీద ఉన్నవాడు తల ఎత్తకుండానే నలభై ఎమ్మెల్ అంటాడు. పక్క షెడ్డులో సొట్టలు తీసేవాడికి ఇంజిన్‌తో ఏ సంబంధమూ లేదు, అయినా ముప్ఫై చాలంటాడు. టీ తెచ్చిన కుర్రాడు పుట్టేనాటికే చేతక్‌లు మూలపడ్డాయి, వాడు కూడా "మా తాత యాభై పోసేవాడండీ" అని గ్లాసులు పెట్టి వెళ్తాడు. కంపెనీవాళ్ళు పుస్తకంలో అచ్చేసిన అంకె ఒకటి ఉంది కదా అని మీరు గుర్తు చేశారో, అప్పటిదాకా కొట్టుకుంటున్నవాళ్ళంతా ఏకమైపోతారు. "వాళ్ళు పూనాలో చల్లగా కూర్చుని రాశారు సార్. రోహిణి కార్తెలో బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్ పడితే ఎలా ఉంటుందో వాళ్ళకేం తెలుసు?"

సంగతేమిటంటే, ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌కి కింద ఆయిల్ కోసం విడిగా చోటుంటుంది. ఆయిల్ అక్కణ్ణించి పైకెళ్ళి, అన్నిటినీ తడిపి, మళ్ళీ అక్కడికే చేరుతుంది. టూ స్ట్రోక్‌కి ఆ వసతి లేదు. పిస్టన్ కింద క్రాంకు తిరిగే చోటులోకే ముందు పెట్రోలూ గాలీ వస్తాయి, తర్వాతే పైకెళ్ళి మండుతాయి. కాబట్టి బేరింగులకీ పిస్టన్‌కీ తగలాల్సిన చమురు ఆ పెట్రోల్లోనే కలిసి రావాలి, దారిలో తన పని తాను చేసుకోవాలి, చివరికి అదే మంటలో కాలి సైలెన్సర్లోంచి బయటికి పోవాలి. తాంబూలంలో సున్నం లాంటి వ్యవహారం ఇది. ఎక్కువైతే నోరు పొక్కుతుంది, తక్కువైతే పండదు, ఎంత రాయాలి అంటే పెద్దవాళ్ళు వేలి కొస చూపిస్తారు. ఎవరి వేలు వాళ్ళది.

పైగా ఈ కొలతని ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెబుతారు. లీటరుకి 40 ఎమ్మెల్ అన్నా, ఒకటికి పాతిక అన్నా, నాలుగు శాతం అన్నా ఒకటే. 20 ఎమ్మెల్ అంటే ఒకటికి యాభై, రెండు శాతం. గవర్నరుపేటలో ఒక స్కూటర్ షెడ్డు దగ్గర ఇద్దరు పెద్దమనుషులు, ఒకాయన నాలుగు శాతం పక్షం, రెండో ఆయన ఒకటికి పాతిక పక్షం, చొక్కా చేతులు మడుచుకునేదాకా వెళ్ళడం చూశాను. "రెండూ ఒకటే కదండీ" అని మెకానిక్ అనబోతే ఇద్దరూ కలిసి అతని మీద పడ్డారు. ఎవరైనా లెక్కల మాస్టారు ఉంటే సర్దిచెప్పేవాడు కదా అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఆ నాలుగు శాతం ఆయనే లెక్కల మాస్టారట.

బజాజ్ చేతక్ 1972లో వచ్చింది. లూనా కూడా అదే ఏడాది. 1980లో టీవీఎస్ 50. మన పటాన్‌చెరులో తయారైన అల్విన్ పుష్పక్ సరేసరి. ఆ రోజుల్లో బందరు రోడ్డు మీద తిరిగిన స్కూటర్లూ మోపెడ్లూ అన్నీ పెట్రోల్లో ఆయిల్ కలుపుకుని తాగినవే. బంకులో పెట్రోల్ పంపు పక్కనే ఆయిల్‌కి ఒక చేతి పంపు, దానికి గీతలున్న గాజు గొట్టం ఉండేవి. "ఆయిల్ ఎంతండీ?" అని బంకు కుర్రాడు అడిగితే, వచ్చే జవాబుని బట్టి ఆ బండి ఇంటికి ఎలా వచ్చిందో చెప్పేయొచ్చు. పీఎఫ్ లోను పెట్టి కొనుక్కున్నాయన కళ్ళజోడు సర్దుకుని, ఆయిల్ మట్టం గీత దగ్గరికి వచ్చేదాకా వంగి చూసి, "ఇంకొక్క చుక్క" అనేవాడు. కట్నంలో స్కూటరు పుచ్చుకున్నాయన సీటు ఎత్తి పక్కకెళ్ళి, వక్కపొడి నములుతూ "ఏదో ఒకటి కొట్టవయ్యా" అనేవాడు. పోయించుకున్నాక బండిని అటూ ఇటూ నాలుగు ఊపులు ఊపాలి, రెండూ కలవాలి కాబట్టి. మా ఊరివాళ్ళు మాత్రం ఊపేవాళ్ళు కాదు. ఇంటికెళ్ళేలోపు రోడ్డే ఆ పని చేసి పెట్టేది.

రాత్రిపూట ఇంకో తంతు. వీధి మొదట్లోనే పెట్రోల్ కాక్ కట్టేసేవాళ్ళు. కార్బురేటర్లో మిగిలిన కాస్తా అయిపోయి, బండి సరిగ్గా గుమ్మం ముందు ఆగాలి. అలా చెయ్యకపోతే తెల్లారేసరికి పెట్రోలు ఆవిరై, లోపల గిన్నెలో ఆయిల్ ఒక్కటే జిగురుగా మిగిలి, కిక్కు కొట్టీ కొట్టీ ఆఫీసు టైము దాటిపోయేది. ఏ కరెంటు స్తంభం దగ్గర కాక్ కడితే గుమ్మం దగ్గర ఆగుతుందో తెలిసినాయనకి వీధిలో మంచి గౌరవం ఉండేది. స్తంభం లెక్క తప్పినవాళ్ళు ఫైలు చంకలో పెట్టుకుని, నాలుగిళ్ళ అవతలనుంచి బండి నెట్టుకుంటూ వచ్చేవాళ్ళు.

ఆయిల్ ఎక్కువైతే ఏమవుతుంది? ప్లగ్గు నల్లబడి తడిసిపోతుంది. సైలెన్సర్లో మసి పేరుకుని బండికి ఊపిరాడదు. అప్పుడు దాన్ని ఊడదీసి, మంటలో వేసి కాల్చి, సుత్తితో తట్టి మసి దులపాలి. ఆ కంపుకి వీధిలో ఎవరింట్లో సైలెన్సరు కాలుతోందో అందరికీ తెలిసిపోయేది. తక్కువైతే అది అసలు ప్రమాదం. పిస్టన్ వేడెక్కి, ఉబ్బి, సిలిండర్‌కి పట్టేస్తుంది. ఏ కంకిపాడో దాటాక వెనక చక్రం ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది. ఆ క్షణంలో క్లచ్చి నొక్కినవాడు రోడ్డు పక్కన ఆగాడు, నొక్కనివాడు బందరు కాలవని దగ్గర్నుంచి చూశాడు. తర్వాత ఆటోనగర్లో బోరు చేయించి, ఒక సైజు పెద్ద పిస్టన్ వేయించుకోవడం అందరికీ మామూలే.

ఈ భయంలోంచే "ఓ చుక్క ఎక్కువైతే నష్టం లేదు" అనే సూత్రం పుట్టింది. నష్టం ఉంది. కార్బురేటర్లో జెట్టు కన్నం ఎంతుందో అంతే ద్రవం వస్తుంది. అందులో ఆయిల్ వాటా పెరిగితే పెట్రోలు వాటా తగ్గాల్సిందే. గాలికి సరిపడా పెట్రోలు లేకపోతే ఇంజిన్ వేడెక్కుతుంది. అంటే చల్లగా ఉంచుతుందని పోసిన చుక్క, కొద్దిగానైనా, వేడి పెంచుతుంది. ఈ ముక్క నేనొకసారి బంకులో పక్క స్కూటరాయనతో చెప్పాను. ఆయన నావైపు జాలిగా చూసి, ఇంకో పది ఎమ్మెల్ పోయించుకున్నాడు.

నాకు అర్థమైనంతలో, లీటరుకి ఎంత అన్నది ఇంజిన్ తేల్చే విషయం కాదు. ఇంజిన్ ఎవరిది, ఆయిల్ డబ్బులు ఎవరివి అన్న రెండే తేలుస్తాయి. రోజు కిరాయికి టూ స్ట్రోక్ ఆటో తోలేవాడికి పెట్రోలూ ఆయిలూ తన జేబులోంచి పోయేవి. పిస్టన్ పోతే మాత్రం ఓనరు జేబు. అందుకే డ్రైవరు దృష్టిలో ఇరవై కూడా దండగే, ఓనరు దృష్టిలో నలభై కూడా చాలదు. రాత్రి బండి అప్పజెప్పేటప్పుడు ఓనరు కిరాయి లెక్కపెట్టుకునే ముందు సైలెన్సరు మూతిలో వేలు పెట్టి చూసేవాడు. నల్లగా, జిడ్డుగా అంటితే "భోంచేశావా?" అని పలకరింపు. పొడిగా తగిలితే ఇక తగువే. ఈ పరీక్ష సంగతి తెలిసి, వచ్చే ముందు సైలెన్సరు మూతికి రెండు చుక్కలు రాసి తెచ్చే బుద్ధిమంతులు కూడా ఉండేవాళ్ళు. పెట్రోల్లో రేషను నీలి కిరోసిన్ కలిపి తోలినవాళ్ళ దగ్గర ఇక ఏ నిష్పత్తీ పనిచేసేది కాదు.

కాలేజీ కుర్రాళ్ళది వేరే మతం. 1985లో యమహా ఆర్‌ఎక్స్ 100 వచ్చింది. దానికి ఆయిల్ ట్యాంకు విడిగా ఉంటుంది, ఇంజిన్ వేగాన్ని బట్టి ఎంత కావాలో అంత పంపే ఆటోల్యూబ్ పంపు ఉంటుంది. అంటే జపాన్ వాళ్ళు ఈ గొడవంతా శాశ్వతంగా తీర్చేశారన్నమాట. మనవాళ్ళు ఏం చేశారు? ఆ పంపుని నమ్మలేక పీకేయించి, మళ్ళీ పెట్రోల్లోనే చేత్తో కలుపుకున్నారు. పంపూ ఉంచుకుని, పైన ఓ ఇరవై ఎమ్మెల్ పెట్రోల్లోనూ పోసేవాళ్ళని ఏమనాలో నాకు తెలీదు.

రేసుల పిచ్చి ఉన్నవాళ్ళు ఇంకా ముందుకెళ్ళి ఆముదం గురించి మాట్లాడేవాళ్ళు. నవ్వకండి, ఆముదానికి ఇందులో ఘనమైన చరిత్రే ఉంది. ఎంత వేడికీ పలచబడి జారిపోకుండా లోహాన్ని పట్టుకుని ఉంటుంది కాబట్టి పాత రేసు బళ్ళలో అదే వాడేవాళ్ళు. క్యాస్ట్రాల్ కంపెనీ పేరు కూడా ఆముదం ఇంగ్లీషు పేరులోంచి వచ్చిందే. మొదటి ప్రపంచ యుద్ధంలో కొన్ని విమానాల ఇంజిన్లు గిర్రున తిరుగుతూ ఆముదాన్ని వాడి బయటికి చిమ్మేసేవి. వెనక కూర్చున్న పైలట్లు గంటల తరబడి ఆ తుంపర పీల్చి కడుపు పట్టుకునేవాళ్ళు. మనకి సామెతగా మిగిలిన ఆముదం తాగిన మొహం, వాళ్ళకి ఉద్యోగంలో భాగం. అయితే బజారు ఆముదం తెచ్చి పెట్రోల్లో పోసుకోవచ్చా అని ఎవరూ అడక్కండి. కాలితే బంకలా పేరుకుంటుంది, పెట్రోల్లో సరిగ్గా కలవదు కూడా.

తర్వాత సర్కారు దిగింది. ఢిల్లీలో పొగ మీద సుప్రీంకోర్టు 1998లో ఇచ్చిన ఆదేశాలతో అక్కడ విడి ఆయిల్ అమ్మకం ఆపేశారు. పొగ తక్కువ వచ్చే టూటీ (టూ స్ట్రోక్) ఆయిళ్ళు వచ్చాయి. డబ్బా మీద జాసో ఎఫ్‌సీ, ఎఫ్‌డీ అని ఉంటే అది తక్కువ మసితో, తక్కువ పొగతో కాలే రకం. ఇలాంటి ఆయిల్‌తో ఒకటికి యాభై నడిచే బళ్ళకి తాతగారి యాభై ఎమ్మెల్ పోయడమంటే దోమలకి పొగ పెట్టడమే. 2015లో ఫోర్ స్ట్రోక్ మోపెడ్ టీవీఎస్ ఎక్స్‌ఎల్ 100 వచ్చింది, 2017 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 4 కాలుష్య ప్రమాణం అందుకోని కొత్త బండి అమ్మకూడదన్నారు. ఆటోలు డీజిల్‌కీ గ్యాసుకీ మారిపోయాయి. టూ స్ట్రోకు కథ ముగిసింది, ఈ తగువు కూడా దానితోనే పోయిందనుకున్నాను.

పోలేదు, పొలాల్లోకి మకాం మార్చింది. మా బాబాయిది మొవ్వ దగ్గర ఊరు. ఇప్పుడు డెల్టాలో ఏ చేను చూసినా తైవాన్ స్ప్రేయర్ చప్పుడే. వీపున మందు ట్యాంకు, దాని కింద 26 సీసీ ఇంజిన్, తాడు లాగితే బుర్రుమంటుంది. అదీ టూ స్ట్రోకే. పుస్తకంలో ఒకటికి పాతిక అని ఉంది, అంటే లీటరుకి 40. బాబాయి మొదట ఆయిల్ డబ్బా మూతతో కొలిచేవాడు. అది కాలవలో పడిపోయాక మనవరాలి దగ్గుమందు కప్పు పట్టాడు. నిజం చెప్పాలంటే ఆ ఇంట్లో ఎమ్మెల్ గీతలున్న వస్తువు అదొక్కటే. కానీ ఓ రాత్రి పిల్ల దగ్గుతుంటే కప్పు పెట్రోలు కంపు కొట్టింది, పిన్ని దాన్ని పెరట్లోకి విసిరేసింది. ఆ తర్వాత పశువుల డాక్టర్ని బతిమాలి పెద్ద సిరంజి ఒకటి సంపాదించాడు. సూది తీసేసి, ఆయిల్ పీల్చి, గీత దగ్గర ఆపి, కళ్ళకి ఎదురుగా పట్టుకుని బుడగలు కూడా పోగొడతాడు. గేదెకి ఇంజక్షన్ ఇచ్చేటప్పుడు డాక్టరు ఇంత జాగ్రత్త పడగా నేను చూడలేదు.

కూలికి మందు కొట్టడానికి వచ్చే అతను మాత్రం తన స్ప్రేయరే తెచ్చుకుంటాడు. పెట్రోలు రైతుది, ఆయిల్ అతనిది. అంటే పాత ఆటో లెక్క తిరగబడిందన్నమాట. ఇంజిన్ తనదే, ఆయిల్ కూడా తన డబ్బే, కాబట్టి అతను మధ్యే మార్గం పట్టి, కూల్‌డ్రింకు సీసాకి కట్టిన దారం దాకా పోస్తాడు. బాబాయి సిరంజి పట్టుకుని పక్కనే నిలబడి, దారం జారిందంటాడు.

ఈ ఏడాది బాబాయికి కొత్త అనుమానం వచ్చింది. పెట్రోల్లో ఇరవై శాతం ఇథనాల్ కలుపుతున్నారని, అది చెరుకుతోనూ మొక్కజొన్నతోనూ బియ్యంతోనూ తీస్తారని పేపర్లో చదివాడు. మొన్న నేను వెళ్ళేసరికి మినుము చేను గట్టు మీద పంచాయితీ నడుస్తోంది.

"ఏరా, నువ్వు చెప్పు. లీటర్లో 200 ఎమ్మెల్ ఆ సారా అయితే మిగిలింది 800 పెట్రోలే గదా. ఆయిల్ 800కి కలపాలా, వెయ్యికి కలపాలా?"

"మొత్తానికే కలపాలి బాబాయ్. కానీ ఇథనాల్ తడిని పీలుస్తుంది. కలిపింది నెలల తరబడి ఉంచావంటే నీళ్ళూ అదీ కలిసి అడుక్కి దిగుతాయి, ఆయిల్ పైన పెట్రోల్లోనే ఉండిపోతుంది. ఇంజిన్ తాగేది అడుగునుంచే. ఏ రోజుకారోజు కలుపుకో, పని అయ్యాక ట్యాంకు ఖాళీ చేయించు."

బాబాయి సిరంజి పైకెత్తి ఆలోచించాడు. "అయితే పెట్రోలుకి 32, సారాకి విడిగా ఓ ఎనిమిది. ఆ పైన నీళ్ళకి రెండు వేద్దాం."

"వెయ్యండి బాబాయ్ గారూ, మీ చేతిలో ఉన్నదేగా" అని స్ప్రేయర్ అతను తాడు లాగాడు. ట్యాంకు పొద్దున్నే నిండిపోయింది. నీలం పొగ మా ఇద్దరి మొహాల మీద కొట్టి అతను చేలోకి దిగాడు. ఆ చప్పుడులో బాబాయి ఇంకా ఏదో చెబుతున్నాడు, బహుశా నీళ్ళకి మూడు అంటున్నాడేమో.