‘క్యార్’ శబ్దానికి టీకా తాత్పర్యం

మూలం: క్యార్... క్యార్... క్యా...ర్ర్ర్!

అవతారిక: ఎర్రుపాలెంలో పురిటికి పుట్టింటికొచ్చిన పిల్ల ఉన్న ఏ ఇంట్లోనైనా, పొద్దుగూకి, విజయవాడ లైను మీద బండి కూతపెట్టే వేళకి ఈ గ్రంథపఠనం మొదలవుతుంది. గ్రంథకర్త వయసు ఐదు వారాలు. యతి లేదు, ప్రాస లేదు, విరామం అసలే లేదు. మూలంలో లేనిది ఒక్క ముక్కా రాయనని ప్రతిన పట్టాడు మెదక్ సీమ కొలిచెలమకి చెందిన వ్యాఖ్యాత మల్లినాథ సూరి. ఆయనకి కాళిదాసు దొరికాడు కాబట్టి చెల్లింది. ఇక్కడ మూలమే ఒక్క ముక్క, ఇంటిల్లిపాదీ వ్యాఖ్యాతలు.

ప్రతిపదార్థం: క్యార్ (మొదటిది) = ఆకలి. క్యార్ (రెండోది) = పక్కబట్ట తడి. క్యార్ర్ర్ = ఇవేవీ కావు. పాలిచ్చారు, బట్ట మార్చారు, భుజాన వేసుకుని తేన్పు తెప్పించారు. అయినా ముఖం ఎర్రగా కందిపోయి, పిడికిళ్లు బిగించి, మోకాళ్లు పొట్టలోకి ముడిచి ఏడుస్తూనే ఉంటే, అదీ ఈ టీకాకి విషయం. డాక్టర్లు కోలిక్ అంటారు. పెద్దపేగుకి గ్రీకులు పెట్టిన పేరులోంచి పుట్టిన మాట. బాధ పేగులోనే ఉందని ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు, పేరు మాత్రం పేగుని వదల్లేదు.

ప్రాచీన మతం: మాట రాని పసివాళ్ల నొప్పిని పసిగట్టడానికి కాశ్యప సంహితలో వేదనాధ్యాయమని ఒక అధ్యాయమే ఉంది. రొమ్ము విదిలించుకోవడం, వెల్లకిలా పడి మెలికలు తిరగడం, పొట్ట బిగుసుకోవడం, ముఖాన చెమట పట్టడం శూలకి గుర్తులని అందులో ఉంది. మంచం పక్కన కూర్చుని చూసినవాడు రాసిన మాటలివి.

నవీన మతం: 1954లో అమెరికా డాక్టరు మోరిస్ వెస్సెల్, ఆయన సహచరులు మూడేసి లెక్క కట్టారు. రోజుకి 3 గంటలకి పైగా, వారానికి 3 రోజులకి పైగా, 3 వారాలకి పైగా ఏడిస్తే కోలిక్. సూత్రం ముచ్చటగానే ఉంది గానీ, మూడు వారాలపాటు గడియారం ముందేసుకుని కూర్చునే బాలింత ఏ ఊళ్లో ఉంటుంది? 2016 నాటి రోమ్ నిర్వచనం వైద్యానికి ఈ గంటల లెక్క అక్కర్లేదంది. ఐదు నెలల లోపు బిడ్డ, కారణం కనబడకుండా, ఎంత సముదాయించినా ఊరుకోకుండా, మళ్లీ మళ్లీ గుక్కపెట్టాలి. జ్వరం లేదు, జబ్బు లేదు, ఎదుగుదలలో లోటు లేదు.

ఆ మూడు ‘లేదు’ల్లోనే అన్వయమంతా ఉంది. కోలిక్‌ని పట్టిచ్చే రక్తపరీక్ష గానీ స్కానింగు గానీ లేదు.

వ్యాఖ్యాతల కలహం: “గాలి పట్టిందే, వాము వెచ్చచేసి మూట కట్టుకు రా” అని అమ్మమ్మ. “దిష్టి వదినా, ఉప్పూ మిరపకాయలూ తిప్పెయ్” అని ఎదురింటావిడ. “గ్రైప్ వాటర్ పట్టండత్తయ్యా” అని హైదరాబాదు నుంచి ఫోన్లో అల్లుడు. అమ్మమ్మ మాటకి పూర్వపక్షం ఒకటుంది: ఏడుస్తూ గాలి మింగడం వల్లే పొట్ట ఉబ్బవచ్చు. కార్యాన్ని కారణమనుకోవడం తర్కంలో పాత తప్పే. ఇక గ్రైప్ వాటర్‌ని 1851లో ఇంగ్లండులో విలియం వుడ్‌వర్డ్ తయారుచేశాడు. ఆ పాత మందులో వంటసోడాతో పాటు ఆల్కహాలు కూడా ఉండేది. పిల్లాడు నిద్రపోయాడంటే పోడూ మరి! ఇప్పటి సీసాల్లో ఆల్కహాలు లేకపోయినా, ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప మరేమీ వద్దన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. వసకొమ్ము అరగదీసి నాకించడం కూడా అందులోకే వస్తుంది. ఆముదం మరీ ప్రమాదం, ఊపిరితిత్తుల్లోకి జారుతుంది.

కాలనిర్ణయం: రెండో మూడో వారంలో మొదలై, ఆరో వారానికి తారస్థాయికి చేరి, మూడు నాలుగు నెలలకి చల్లారుతుంది. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో రావాలి. ఆ 42వ రోజు సరిగ్గా ఆరో వారం! రాగం తీస్తున్న పిల్లాణ్ని తూచి, బరువు పెరిగాడని ఆవిడ చెబితే, ఆ రోజుకి అంతకన్నా నమ్మదగ్గ వ్యాఖ్య ఇంట్లో మరొకటి ఉండదు.

పాఠాంతరాలు: ఇక్కడ టీకాకారుడు హాస్యం పక్కన పెడతాడు. మూడు నెలల్లోపు బిడ్డకి 100.4 డిగ్రీల జ్వరం, ఆకుపచ్చటి వాంతి, విరేచనంలో నెత్తురు, పాలు ముట్టకపోవడం, ఒళ్లు వేలాడేయడం, మాడు ఉబ్బడం, గజ్జల్లో వాపు కోలిక్ పాఠం కాదు. మధిరకో ఖమ్మానికో బయల్దేరాలి, లేదా 108కి ఫోన్ చేయాలి. కాలివేళ్లూ చూడాలి. తల్లి వెంట్రుక ఒకటి బొటనవేలికి చుట్టుకుని బిగిసినా ఇదే ఏడుపు.

అనుష్ఠానం: గదిలో వెలుతురు తగ్గించి, భుజాన వేసుకుని పెరట్లో అటూఇటూ తిరగడం కొందరికి పనిచేస్తుంది, కొందరికి పనిచేయదు. తల్లికి ఓపిక నశిస్తే బిడ్డని వెల్లకిలా పడుకోబెట్టి ఐదు నిమిషాలు బయటికి వెళ్లొచ్చు. కోపంలో పట్టుకుని కుదపడం మాత్రం ఏ మతంలోనూ లేదు. మెదడులో నెత్తురు కారుతుంది.

ఫలశ్రుతి: నాలుగో నెలలో ఒక సాయంత్రం బండి కూతపెట్టినా మూలం వినిపించదు. అమ్మమ్మ ఆ ఘనత వాముకిస్తుంది, అల్లుడు సీసాకిస్తాడు. ఎదురింటావిడ జమలాపురం వెంకన్నకి మొక్కు చెల్లించే రోజు చూస్తుంది. గ్రంథకర్త తన బొటనవేలు నోట్లో పెట్టుకుని ముగ్గురినీ మార్చిమార్చి చూస్తుంటాడు.