ఫోర్ వీల్ వేయని ముందు ఇరుసు అరగదట!

నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందగల జీపులు, జిప్సీలు, బొలెరోలు తిరిగే ప్రతిచోటా, బస్తర్‌తో సహా, యజమానులకు ప్రాణప్రదమైన సిద్ధాంతం ఒకటుంది. "ఫోర్ వీల్ వేయనేలేదు, ముందు ఇరుసు ఎలా అరుగుతుంది?" అన్న ఒక్క ప్రశ్నలో ఇమిడిపోయే ఈ సిద్ధాంతానికి జాకీ అక్కర్లేదు, గడ్డపార అక్కర్లేదు, చేతికి గ్రీజు అంటదు, జేబుకు చిల్లు పడదు. ఇన్ని సుగుణాలున్న వాదానికి సత్యం కూడా తోడు కావాలని కోరడం అత్యాశే కాబట్టి, దాని బాగోగులను ఇరుసు నిర్మాణంతో పోల్చి చూస్తే చాలు.

ఇలాంటి వాహనంలో ముందు చక్రం ఒకేసారి రెండు పనులు చేయాలి: శక్తి అందుకుని తిరగాలి, స్టీరింగు మాట విని పక్కకు మళ్ళాలి. మళ్ళే పని నకిల్ అనే ఉక్కు భాగానిది. అది పైనా కిందా ఉండే కింగ్ పిన్ బేరింగుల మీదనో, బాల్ జాయింట్ల మీదనో ఆధారపడి కదులుతుంది. మళ్ళిన చక్రానికి శక్తిని చేరవేసే పని ఇరుసు షాఫ్టులోని కీలుది. పాత పద్ధతిలో ఆ కీలు, మెకానిక్కులు క్రాస్ అని పిలిచే నాలుగు కొమ్ముల ముక్క. అది 30 డిగ్రీలు వంగి తిరిగితే బయటి షాఫ్టు వేగం ప్రతి చుట్టులో రెండుసార్లు సుమారు 13 శాతం పడిపోయి, రెండుసార్లు 15 శాతం పెరుగుతుంది. ఈ హెచ్చుతగ్గులను తొలగించడానికి 1920ల్లో ఆల్ఫ్రెడ్ జెపా అనే ఇంజనీరు ఆరు ఉక్కు గుండ్లతో రూపొందించిన సమవేగ కీలు నేటి సీవీ జాయింట్లకు మూలం.

సిద్ధాంతకర్తలు మరచిన సంగతి ఏమిటంటే, బండి ముందుభాగపు బరువును, గుంతల దెబ్బను మోసే కింగ్ పిన్ బేరింగులు గానీ బాల్ జాయింట్లు గానీ ఫోర్ వీల్ లివరు ఎటు ఉందో అడిగి అరగవు. పైగా ప్రయాణంలో ఎక్కువ భాగం స్టీరింగు తిన్నగానే ఉంటుంది కాబట్టి బేరింగు రోలర్లు కప్పులో ఒకేచోట దెబ్బలు కొట్టి గాట్లు పెడతాయి. చక్రాన్ని షాఫ్టు నుంచి విడదీసే హబ్ లేని ఇరుసులోనూ, ఉన్నా దాన్ని విడదీయని బండిలోనూ, లివరు టూ వీల్‌లో ఉన్నా రోడ్డు చక్రాన్ని తిప్పుతుంది, చక్రం షాఫ్టును తిప్పుతుంది, షాఫ్టుతోపాటు కీలూ తిరుగుతుంది. శక్తి ఇంజను నుంచి వచ్చిందా, నేల నుంచి వచ్చిందా అన్న వంశవృక్షం కీలుకు పట్టదు.

ఇక బస్తర్ నేల ఈ సిద్ధాంతాన్ని ప్రత్యేకంగా గౌరవిస్తుందని నమ్మడానికి ఆధారాలు లేవు. 1968 నుంచి ఇనుప ఖనిజం తవ్వుతున్న బైలాడిలా కొండల చుట్టూ లేచే ఎర్రటి ధూళిలో ప్రధానమైనది ఐరన్ ఆక్సైడు. కంసాలులు నగలకు మెరుగుపెట్టే ఎర్ర పొడి కూడా అదే జాతిది. సీవీ జాయింటును కప్పే రబ్బరు బూటు చిరిగితే తిరిగే వేగానికి గ్రీజు బయటికి చిమ్మి, ఈ ధూళి లోపలికి చేరి, గుండ్లకు ఎవరూ అడగని మెరుగు పెడుతుంది. వానాకాలంలో వేడెక్కిన హబ్ వాగులో మునగగానే లోపలి గాలి చల్లబడి కుంచించుకుని, అరిగిన సీలు పక్కనుంచి నీటిని పీల్చుకుంటుంది; తెల్లబారిన గ్రీజు, దాని వెనుక తుప్పు ఆ తరువాతి ఘట్టాలు.

సిద్ధాంతం వ్యాధిని నిషేధించినా లక్షణాలు మానవు కనుక, చికిత్స పక్కదారిలో సాగుతుంది. స్టీరింగు వణికితే మొదట చక్రాల బ్యాలెన్సింగు, తరువాత అలైన్‌మెంటు, ఆ తరువాత కొత్త టైర్లు, చివరకు స్టీరింగు డ్యాంపరు వస్తాయి. రోగిని మంచానికి కట్టేసి వణుకు తగ్గిందని ప్రకటించే ఈ వైద్యంలో బిల్లు మాత్రం ప్రతిసారీ ఆరోగ్యంగా పెరుగుతుంది.

అసలు పరీక్షకు పట్టేది పది నిమిషాలు. వెనుక చక్రాలకు అడ్డు పెట్టి, ముందు ఇరుసు కింద జాకీ వేసి చక్రాన్ని లేపి, పైనా కిందా పట్టి ఊపాలి. ఆడినట్టు తోస్తే మరొకరు బ్రేకు తొక్కాలి: ఆట ఆగితే దోషం చక్రపు బేరింగుది, ఆగకపోతే కింగ్ పిన్‌దో బాల్ జాయింటుదో. టైరు కింద గడ్డపార పెట్టి ఎత్తితే నిలువు ఆట బయటపడుతుంది. కంకర నేల మీద ఫోర్ వీల్ వేసి, స్టీరింగు పూర్తిగా తిప్పి మెల్లగా నడిపితే టకటకమనేది సీవీ జాయింటు. ముందుకూ వెనక్కూ గేరు మార్చినప్పుడు ధణేలుమంటే క్రాసును అనుమానించాలి. మలుపులో ముందు వెనుక చక్రాలు వేర్వేరు దూరాలు తిరుగుతాయి, తారు రోడ్డు వాటిని జారనివ్వదు. కనుక ఫోర్ వీల్ వేసి మలిపే పరీక్ష తారు మీద చేస్తే కొత్త రోగం తెచ్చుకున్నట్టే.

మరమ్మతు అంటే నిపుల్‌లో గ్రీజు పొంగేదాకా కొట్టడం కాదు. నకిల్ విప్పి కడిగి, బేరింగును కప్పుతో సహా మార్చి, షిమ్ములనే పల్చని రేకులతో బిగువు సరిచేసి, ఆ బిగువును స్ప్రింగు త్రాసుతో లాగి తయారీదారు చెప్పిన అంకెతో పోల్చాలి. లోపలి ఆయిల్ సీలును వదిలేస్తే గేరు ఆయిల్ నకిల్‌లోకి చేరి కొత్త గ్రీజును పలచన చేస్తుంది. అరిగిన సీవీ గుండ్లకు ఏ గ్రీజూ యౌవనం ప్రసాదించదు. చిరిగిన బూటును వెంటనే మార్చడమే చౌకైన మార్గం.

ఇంత చెప్పినా సిద్ధాంతంలో నిజం బొత్తిగా లేదనడం అన్యాయం. వాడని లివరు నిజంగానే అరగదు. తుప్పుపట్టి బిగుసుకుపోయి, వాగు మధ్యలో ఫోర్ వీల్ అవసరమైన రోజున కూడా పడకుండా, యజమాని సిద్ధాంతాన్ని చివరిదాకా కాపాడుతుంది.