వంద కోట్ల ఎకరంలో నవారు మంచం

2023 ఆగస్టులో హైదరాబాద్ కోకాపేట నియోపోలిస్‌లో హెచ్‌ఎండీఏ వేలం వేస్తే ఎకరం 100.75 కోట్లు పలికింది. ఔరా అనుకుని నోరు మూసేలోపే, 2025 అక్టోబరులో రాయదుర్గంలో ఎకరం 177 కోట్లు పాడారు. ఎకరానికి 4,840 గజాలు. భాగించి చూస్తే గజం మూడు లక్షల అరవై అయిదు వేల పైమాటే. నవారు మంచానికి ఎంత లేదన్నా రెండు గజాలు కావాలి. అంటే రాయదుర్గంలో కాళ్లు చాపుకుని పడుకోవడానికి ఏడు లక్షల ముప్పై వేలు. చెప్పులు విడిచే చోటు విడిగా కొనుక్కోవాలి.

అదేం లెక్కండీ, కట్టేది పైకి కదా అంటారు తెలిసినవాళ్లు. నిజమే. స్థలాన్ని బట్టి ఎంత కట్టొచ్చో చెప్పే ఎఫ్‌ఎస్‌ఐ పరిమితిని ఈ ఊళ్లో 2006లోనే ఎత్తేశారు. రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాకులు సరిపోతే యాభై అంతస్తులు లేపుకోవచ్చు. చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఉంది, దాని అవతల రీజినల్ రింగ్ రోడ్డు వస్తానంటోంది. నేలకూ నింగికీ కరువు లేని చోట ఇళ్లు చవగ్గా దొరకాలని అర్థశాస్త్రం చెబుతుంది. పాపం, దానికి మన ఖజానా సంగతి తెలీదు. ఇక్కడ నేల అమ్మే పెద్ద ఆసామి సర్కారే. ధర పడితే ఇల్లు కొనేవాడు నవ్వుతాడు, బడ్జెట్ ఏడుస్తుంది. అందుకే కారు పోయి చెయ్యి వచ్చినా పాట మాత్రం ఆగలేదు.

పాట ముగిసిన సాయంత్రానికే ఆ ధర శంకర్‌పల్లి, చేవెళ్ల దాకా పాకుతుంది. “కోకాపేటలో ఎకరం వంద కోట్లు సార్! ఇక్కడ మీకు ఊరికే ఇస్తున్నట్టు లెక్క” అంటాడు ఏజెంటు, చేలో పాతిన రంగు రాళ్లు చూపిస్తూ. ఎయిర్‌పోర్టుకు 20 నిమిషాలేనట. రాత్రి రెండింటికి అంబులెన్సులో వెళ్తే అయ్యుండొచ్చు.

ఊళ్లో జనం ఎందరంటారా? జనగణనలో మనుషుల్ని చివరిసారి లెక్కపెట్టింది 2011లో. రాయదుర్గం ముక్కను మాత్రం 7.67 ఎకరాలని రెండో దశాంశం దాకా కొలిచారు. కొత్తగా దిగిన కుర్రాళ్లు మాదాపూర్ హాస్టళ్లలో ఫోర్ షేరింగ్‌లో సర్దుకుంటున్నారు. టవర్లు కట్టే కూలీలు వాటి పక్కనే రేకుల షెడ్లలో ఉంటారు, స్లాబులన్నీ పడ్డాక షెడ్డు విప్పుకుని ఇంకో టవర్ పక్కకు పోతారు.

పేదల్ని పట్టించుకోలేదనడం అన్యాయం. కోకాపేట పాటకు కాస్త ముందు, అదే ఔటర్ దారిలో, కొల్లూరులో 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లు ప్రారంభించారు. ఎవరికివ్వాలో లాటరీ తీసి తేల్చారు. ఉన్నవాడికి వేలం, లేనివాడికి లాటరీ. మరి నెల జీతగాడికి? ప్రీలాంచ్ ఆఫర్. రెరా వద్దంటుంది, పర్మిషన్ రాలేదు, పునాది తవ్వలేదు, సొమ్ము మాత్రం ముందే మొత్తం కట్టాలి. రసీదు మీద టవర్ నంబరు, ఫ్లోర్ నంబరు, ఫేసింగ్‌తో సహా రాసిస్తారు. తూర్పు ఫేసింగే. వాస్తుకు ఏ లోటూ లేదు.