జిరాక్స్ షాపు ఫోన్ని నేను

పేరుకు ఫోన్నే గానీ నాతో ఎవరూ ముచ్చట పెట్టరు. సూర్యాపేట జిల్లా తిరుమలగిరిలో ఒక జిరాక్స్ షాపు కౌంటరు మీద ఛార్జింగు తీగకు కట్టేసి ఉంటాను. కులం సర్టిఫికెట్ల ఓటీపీలు, స్కాలర్‌షిప్ ఫారాలు, కరెంటు బిల్లులు అన్నీ నా మీదుగానే పోతాయి. పండుగొస్తే సినిమా టికెట్లు. నాకు సిగ్గనిపించే పని అదొక్కటే. ముందు ఒక ధర, చివర ఇంకో ధర చూపించాల్సింది నా ముఖమే మరి!

సంక్రాంతికి పట్నం నుంచి వచ్చిన మనవల కోసం ఒక పెద్దాయన సూర్యాపేట థియేటర్లో నాలుగు సీట్లు అడిగాడు. టికెట్టు 150. చివరికొచ్చేసరికి నా తెర మీద 698 రూపాయల 40 పైసలు.

"ఆరువందలంటివి గద బిడ్డా, గీ తొంభై ఎనిమిది ఏడికెళ్లి పుట్టింది?"

"ఆన్‌లైన్ చార్జీ తాతా."

ఆయన జేబులోంచి వడ్లమ్మిన తక్‌పట్టీ తీశాడు. "మార్కెట్ల హమాలీ ఇంత, దడ్వాయి ఇంత అని రాసిస్తరు. గీడ ఎవడు మోసిండు, ఎవడు జోకిండు?"

మోసింది నేను. అదీ ఒక్కసారే. ఒకే బుకింగు, ఒకే చెల్లింపు, ఒకే క్యూఆర్ కోడు. రుసుము మాత్రం టికెట్టుకు 20 చొప్పున నాలుగుసార్లు, దానిపై 18 శాతం జీఎస్టీ. అక్కడికి 94.40. మిగతా 4 రూపాయలు విరాళమట. ఆ టిక్కు ఇక్కడ ఎవరూ పెట్టలేదు, ముందే పడి ఉంది.

అడగకుండా విరాళాన్ని బిల్లులోకి చొప్పించడం, అసలు ధరను చివరిదాకా దాచడం, రెండూ కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న నోటిఫై చేసిన మార్గదర్శకాలు నిషేధించినవే. వాళ్లు ఏకరువు పెట్టిన 13 మాయల్లో ఈ రెండూ ఉన్నాయి. 1915కు ఫోన్ చేస్తే ఫిర్యాదు తీసుకుంటారు. ఆ నంబరు నా మీద ఇంతవరకూ ఎవరూ నొక్కలేదు. నాలుగు రూపాయలకు ఎవరు నొక్కుతారు? టిక్కు పెట్టినవాడికీ ఆ సంగతి తెలుసు.

రుసుమే తప్పని నేననను. సర్వర్లు ఉత్తగా నడవవు. ఈ రుసుమును మొత్తానికే వద్దన్న మహారాష్ట్ర ప్రభుత్వ ఉత్తర్వులను 2025 జూలైలో బొంబాయి హైకోర్టు కొట్టేసింది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వమే ఆన్‌లైన్‌లో టికెట్లమ్ముతానంటే 2022 జూలైలో అక్కడి హైకోర్టు ఆపింది. సరే. కానీ ఆ రుసుము బ్యాంకు ఖర్చులకంటారే, అది నాకు మింగుడుపడదు. యూపీఐ చెల్లింపుకు వ్యాపారి బ్యాంకుకు కట్టే ఎండీఆర్ 2020 జనవరి నుంచి సున్నా. షో రద్దయితే టికెట్ డబ్బులొస్తాయి, రుసుము రాదని ఇంకో నిబంధన. ఏ పనికి తీసుకున్నట్టు?

మా షాపతనూ తీసుకుంటాడు లెండి. 'బుకింగుకు 20 రూపాయలు, టికెట్లెన్నయినా' అని అట్టముక్క మీద రాసి గోడకు కొట్టాడు. ఆ ఇరవై మీద పెద్దాయనకు పేచీ లేదు.

విరాళం టిక్కు తీయించాడు. 694.40.

"పొద్దుగాల పోయి కిటికీ కాడ నిలవడితే దొరకవా?"

"పండుగ రద్దీ తాతా, దొరికితే దొరుకుతయి."

కాసేపు లెక్క కట్టుకున్నాడు.

"మా ముసలిదాన్ని తోలుత. ఆడోళ్లకు బస్సు ఫిరీ గద" అని డబ్బులు మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. నేను పట్టి ఉంచిన నాలుగు సీట్లు గడువు తీరి ఇంకెవరికో పోయాయి.